వెతకని చోటు

ఉద్యోగం ఊడినా, వీసా ఆగినా, కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయినా తెలుగిళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటుంది. ‘సుందరకాండ పారాయణ మొదలుపెట్టు’ అంటారు. సంస్కృతానికి నోరు తిరగనివాళ్లు ఎమ్మెస్ రామారావు పాడిన తెలుగు సుందరకాండ పెట్టుకుని వింటారు. 68 సర్గల ఆ కాండ పేరెత్తితే సముద్రం దాటడం, లంక తగలబడటం, చూడామణి తేవడం గుర్తొస్తాయి. అన్నీ గెలుపులే. కానీ 11, 12, 13 సర్గల దగ్గర కాసేపు ఆగితే, ఏం చెయ్యాలో పాలుపోక లంకలో ఒంటరిగా నిలబడిన హనుమంతుడు కనిపిస్తాడు.

నూరు యోజనాలు దాటి వచ్చినవాడు, పిల్లి అంత రూపంతో రాత్రివేళ ఊళ్లోకి చొరబడినవాడు, రావణుడి అంతఃపురంలో ఒక శయ్యమీద నిద్రపోతున్న స్త్రీని చూశాడు. ఒంటినిండా నగలు, బంగారు మేనిఛాయ. సీతమ్మే అనుకున్నాడు. ఆనందం పట్టలేక తోకను ముద్దుపెట్టుకున్నాడు, స్తంభాలెక్కి దూకాడు. మరుక్షణం ఆలోచన వచ్చింది: రాముడికి దూరమైన సీత ఇలా అలంకరించుకుని నిద్రపోతుందా? ఆవిడ మండోదరి. దొరికిందనుకున్నది చేజారితే, అసలు దొరకనప్పటికంటే ఎక్కువ కుంగదీస్తుంది.

అయినా వెతికాడు. పానశాలలు, లతాగృహాలు, చిత్రశాలలు చూశాడు. అంతఃపురంలో హనుమంతుడు తిరగని చోటు నాలుగు అంగుళాలైనా మిగల్లేదంటాడు వాల్మీకి. సీత లేదు.

పదమూడో సర్గలో హనుమంతుడి ఆలోచనలు తెల్లవారుజామున నిద్రపట్టని మనిషి ఆలోచనల్లాగే పరుగెడతాయి. సీత కనబడలేదని చెబితే రాముడు బతకడు. ఆయన పోతే లక్ష్మణుడు, ఆ కబురు విని భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు, ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, చివరికి కిష్కింధలోని వానరులంతా! ఒక్క ‘కనబడలేదు’ నుంచి రెండు వంశాల వినాశం దాకా మనసు క్షణాల్లో వెళ్లిపోయింది. తిరిగి వెళ్లడం మానేసి వానప్రస్థుడిగా ఉండిపోదామనుకున్నాడు. నీళ్లలో పడదామా, చితి పేర్చుకుందామా అని కూడా అనుకున్నాడు. ఇంతటివాడికి ఇలాంటి ఆలోచనలేమిటని వాల్మీకి వాటిని దాచలేదు.

సీతను వెతకడానికి బయల్దేరిన ఈ వానర బృందానికి నిస్పృహ కొత్త కాదు. అంతకుముందే సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయింది. అంగదుడు వెనక్కి వెళ్లనన్నాడు. దక్షిణ సముద్రం ఒడ్డున వానరులు దర్భల మీద ప్రాయోపవేశానికి కూర్చున్నారు. వాళ్లను చూసి, తిండి తనంతట తానే వచ్చిందని సంతోషించాడు ముసలి గద్ద సంపాతి. తీరా వాళ్ల మాటల్లో తన తమ్ముడు జటాయువు పేరు వినబడింది. తినడానికి సిద్ధపడినవాడే సీత లంకలో ఉందన్న జాడ చెప్పాడు.

లంకలో మాత్రం జాడ చెప్పేందుకు ఎవరూ రాలేదు. హనుమంతుడే తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. చస్తే దోషాలెన్నో ఉన్నాయి, బతికుంటే ఎప్పటికైనా మేలు చూడవచ్చు అన్న లెక్కకు వచ్చాడు. అప్పుడు తల ఎత్తి చూస్తే పెద్ద పెద్ద చెట్లతో ఒక తోట కనబడింది. అశోకవనం. ఇందాకటి నుంచీ ఎదురుగానే ఉంది. అక్కడ ఇంకా వెతకలేదంతే.

అక్కడికి వెళ్లేముందు వసువులు, రుద్రులు, ఆదిత్యులు, అశ్వినులు, మరుత్తులకు మొక్కాడు. రామలక్ష్మణులకూ, ఇంకా కనబడని సీతకూ నమస్కరించాడు. ఆ మొక్కు పని ఆపలేదు, పక్కనే నడిచింది. మొక్కుతూనే కాపలావాళ్ల సంగతి ఆలోచించాడు. చుట్టుపక్కల కనబడేలా శింశుపా వృక్షం ఎక్కి ఆకుల్లో దాక్కున్నాడు. సంధ్యావందనానికి సీత అక్కడి ఏటి ఒడ్డుకే రావచ్చని ఊహించాడు. మన ఇళ్లలో దీపం పెట్టి పారాయణకు కూర్చునే వ్యక్తి, లేచాక మరో దరఖాస్తు రాసుకోవడంలోనూ, డాక్టరు దగ్గరికి వెళ్లడంలోనూ ఉన్న క్రమం ఇదే.

చెట్టుమీది నుంచి చూస్తే రాక్షస స్త్రీల మధ్య మాసిన పసుపుపచ్చ చీరలో ఒకావిడ కూర్చుని ఉంది. శుక్లపక్షం మొదట్లోని చంద్రరేఖలా చిక్కిపోయింది. ఈసారి హనుమంతుడు తోక ముద్దుపెట్టుకోలేదు, స్తంభాలెక్కలేదు. రాముడు చెప్పిన నగలను ఒక్కొక్కటే పోల్చి చూశాడు. సీత ఋశ్యమూకం మీద జారవిడిచినవి ఒంటిమీద లేవు. జారవిడవనివి ఉన్నాయి.