సగం కుట్టిన బొంత

లాల్ దర్వాజా ఇంట్లో అమ్మమ్మ పెట్టె తెరిస్తే సగం కుట్టిన బొంత దొరికింది. అడుగున మడతేసిన నేత చీర, పైన పాత జాకెట్ల ముక్కలు, తాతయ్య ధోవతి అంచు. సూది గుడ్డలోనే తుప్పు పట్టిపోయింది. పీహెచ్‌డీ అయితే చేశాను గానీ నాకు కుట్టు రాదు. చదువుకునే పిల్లకు సూదెందుకు అనేది అమ్మ.

పక్కింటి ఖాలా దగ్గరికి తీసుకెళ్ళాను. షాదీ బట్టల మీద జర్దోజీ, ముక్కకింతని కుట్టి పిల్లల్ని చదివించిన మనిషి. బొంతను అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది: "మీ అమ్మమ్మ లెక్క వంకర కుట్టాల్నా, నా లెక్క కుట్టాల్నా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వంకరగా కుట్టమంటే ఆమె పనితనాన్ని దాచుకోమనడమే. దుకాణాలకు వెళ్ళే ఆమె కుట్టు మీద ఎన్నడూ ఆమె పేరు లేదు. "మా అమ్మమ్మ బొంత" అని అందరికీ చూపించి నేనూ అదే చేస్తానా? ఆలిస్ వాకర్ 1973 నాటి 'ఎవ్రీడే యూజ్' కథలో చదువుకున్న పెద్ద కూతురు బొంతల్ని గోడకు తగిలిస్తానంటుంది. తల్లి వాటిని కప్పుకునే చిన్న కూతురికే ఇస్తుంది. క్లాసులో నేనెప్పుడూ చిన్నదాని పక్షమే. ఆ కథలో కూలికి కుట్టే మనిషి లేదు.

"నీ లెక్కనే కుట్టు ఖాలా" అన్నాను చివరికి.

ఇప్పుడు అమ్మమ్మ చెయ్యి ఎక్కడ ఆగిందో స్పష్టంగా కనిపిస్తుంది. కూలి ఎంతంటే, "అమ్మమ్మ బొంతకు పైసలేంది?" అంది. మనవాళ్ళనుకున్న చోటల్లా ఆడవాళ్ళ పని ఉచితమైపోవడం గురించే కదా మనం ఇన్నేళ్ళుగా రాస్తున్నది! జర్దోజీ లెక్క కట్టి బలవంతంగా చేతిలో పెట్టాను. తీసుకుంది. ఆ రోజు మాత్రం చాయ్ తాగి పొమ్మనలేదు.