చిన్నదానిని అడుగవలెనా?

తలసేమియా అను రక్తవ్యాధి గల బిడ్డలు మన పల్లెలలోను ఉన్నారు. కొన్ని వారములకొకసారి రక్తమెక్కించుకొనుచు వారు పెరుగుదురు. తోడబుట్టినవారి ఎముక మూలుగ సరిపడినయెడల వారి స్వస్థతకు మార్గమున్నది. అయితే తోడబుట్టిన ఒక్కొక్కరిది సరిపడుట నాలుగింట ఒక వంతే. సరిపడినది ఆరేండ్ల చెల్లెలిదైతే ఆమెను అడుగవలెనా? తలిదండ్రులే నిర్ణయింపవచ్చునా?

చెల్లెలికి మత్తు ఇచ్చి తుంటి ఎముకనుండి మూలుగను తీయుదురు. దానిని అన్న ఎముకలో పోయుదురని మనమనుకొందుము. కాదు, రక్తమెక్కించినట్లే నరములోనికి చుక్క చుక్కగా విడుతురు. అందలి మూలకణములు రక్తములో తిరిగి తిరిగి ఎముకల లోపలికి తామే చేరును. మూలుగలోని కొన్ని కణములు సి.ఎక్స్.సి.ఎల్.12 అను పదార్థమును విడుచుచుండును. దాని జాడనుబట్టి ఇవి వచ్చును. వాటికి అక్కడ ప్రత్యేకమైన గూడు ఉండవలెనని 1978లో షోఫీల్డ్ అను శాస్త్రజ్ఞుడు తలంచెను. 2009లో బ్రతికియున్న ఎలుక పుర్రె ఎముకలో అవి కుదురుకొనుటను సూక్ష్మదర్శినితో కనిపెట్టిరి.

అన్న ఎముకలలోని పాత గూళ్లను బలమైన మందులతో ముందుగా ఖాళీ చేయవలెను. ఆ దినములు భయంకరములు. క్రొత్త రక్తము పుట్టుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. ఒక్కొక్కప్పుడు చెల్లెలి కణములు అన్న దేహమునే పరాయిదని యెంచి దానిపై పడును.

"రక్తసంబంధికి ఇచ్చుటకు అడుగుటేమి?" అని పెద్దలనేకులందురు. మేమును మొదట అట్లే తలంచితిమి. కణము ఎవరును చెప్పకయే అక్కరగలచోటికి పోవుచున్నదే, మనమును అట్లుండవలెనని ప్రసంగము కూడ సిద్ధపరచుకొంటిమి. ఆ దృష్టాంతము తప్పు. కణము పోకుండ ఉండజాలదు; దానికి ప్రేమ లేదు, భయమును లేదు. సూదిని తలంచి ఏడ్చు బిడ్డకు రెండును కలవు.

అట్లని ఆమె వద్దన్నచో అన్నను విడిచిపెట్టుదుమా? ఆరేండ్ల బిడ్డ నోటిమాటపై అంత బరువు మోపుటయు క్రూరమే. ఆమెకు కలుగునది కొన్ని దినముల నొప్పి, మత్తువలన స్వల్పమైన అపాయము; తీసిన మూలుగ కొన్ని వారములలో తిరిగి నిండును. గనుక తలిదండ్రులు నిర్ణయించుట తప్పు కాదని మా తలంపు. చెప్పకుండ చేయుట మాత్రము తప్పు. కట్టెలు మోసికొని కొండకు నడచిన ఇస్సాకు సహితము గొఱ్ఱెపిల్లను గూర్చి తండ్రిని అడిగెను గదా.

ఇట్టి బిడ్డ పక్షమున, రోగిని చూచు వైద్యులు గాక వేరొకరు నిలువవలెనని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘము 2010లో చెప్పెను. మన ఇండ్లలో అట్టివారెవరు? నాయనమ్మ కూడ మనుమని ప్రాణమునే చూచును. కుమార్తె కన్నీటిని తూచువారు తక్కువ. చికిత్స ఫలింపక అన్న చనిపోయినయెడల, తన మూలుగయే చెడ్డదని లోలోపల కుములు బిడ్డలు కలరు. అది ఆమె తప్పు కాదని సూది పడకముందే ఎవరో ఒకరు ఆమెను ఒడిలో కూర్చుండబెట్టుకొని చెప్పవలెను. సంఘములో ఆ పని ఎవరిదో మనము ఇంకను మాటలాడుకొనలేదు.