గణపతి జంధ్యం ఏ భుజాన?

శుభలేఖ మీద గణపతి బొమ్మను ఇటు నుంచి అటు తిప్పడానికి కంప్యూటర్లో ఒక్క నొక్కు చాలు. తొండం పక్క మారుతుంది, పేజీలో ఖాళీ సర్దుకుంటుంది, డిజైన్ చేసే కుర్రాడు హమ్మయ్య అనుకుంటాడు. తొండంతో పాటు జంధ్యం కూడా ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి వచ్చిందన్న సంగతి అతని కంట పడదు. కుడి భుజాన జంధ్యమంటే ప్రాచీనావీతి, తద్దినాలప్పుడు వేసుకునే తీరు. పెళ్లికి రమ్మని పిలిచే కార్డు మీద విఘ్నేశ్వరుడు పితృకార్యానికి సిద్ధమై కూర్చున్నాడన్నమాట.

విజయవాడలో శుభలేఖలు, పుస్తకాల అట్టలు వేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. మా దగ్గర పనిచేసే అబ్బాయికి ఈ జంధ్యం చూపిస్తే "అంతలా ఎవరు చూస్తారు సార్?" అన్నాడు. నిజమే, ఎవరూ చూడరు. పురోహితుడు కూడా ముహూర్తం అంకెలు చూసి కార్డు పక్కన పెడతాడు. నాకు గుచ్చుకున్నది శాస్త్రం తప్పడం కాదు. ఆ అబ్బాయి ఆ గణపతిని ఒక్కసారైనా చూడలేదు. ఎక్కడినుంచో దించాడు, తిప్పాడు, అతికించాడు. మా వృత్తిలో అసలు దోషం ఇదేనని, కాపీ అన్నది దీని తర్వాతి మాటని నేనంటాను.

మావాళ్లు ఒప్పుకోరు. కొత్తదనం లేకపోవడమే పెద్ద తప్పంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. ఈమధ్య వచ్చే కార్డులన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటున్నాయి: లేత గులాబీ రంగు, నీటిరంగుల ఆకులు, ఒక కమాను, కింద తామరపూలు, ఆ పూల మధ్య పిచ్వాయి ఆవులు. పిచ్వాయి అంటే రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో శ్రీనాథ్‌జీ వెనక కట్టే తెర. ఆ ఆవులు ఆ స్వామివి. అవి తెనాలి పెళ్లికి ఎందుకు వచ్చాయని అడిగితే పార్టీవాళ్లు వాట్సాప్‌లో పంపారంటారు, అంతే. పక్కనే శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీసే కలంకారీ ఉందన్న ఆలోచన రాదు. వచ్చినా, దాన్నీ ఫోన్లోంచే దించుతారు.

అయితే కొత్తదనమే గీటురాయి అనుకుంటే మన స్థపతుల కంటే పాతవాళ్లు ఎవరూ ఉండరు. ఏ దేవుడికి ఎన్ని చేతులో, ఏ చేతిలో ఏ ఆయుధమో ధ్యానశ్లోకం చెప్పేస్తుంది. కొలత తాలమానం చెప్పేస్తుంది. తాలమంటే పన్నెండు అంగుళాలు, ఒక ముఖం పొడవు. విష్ణువుకి ఉత్తమ దశతాలమైతే నూట ఇరవై నాలుగు అంగుళాలు. బొజ్జ గణపతికి మామూలుగా పంచతాలం. ఇన్ని కట్టుబాట్ల మధ్య శిల్పికి మిగిలింది ధ్యానం ఒక్కటే. ఆ రూపాన్ని ముందు మనసులో నిలుపుకున్నాకే ఉలి పట్టాలి. అందుకే ఒకే కొలతతో చేసిన రెండు విగ్రహాల్లో ఒకదాని ముందు నిలబడిపోతాం, రెండోదాన్ని దాటి వెళ్లిపోతాం.

కాళిదాసుకి ఈ సంగతి తెలుసు. మాళవికాగ్నిమిత్రంలో రాజు మాళవికను ముందు బొమ్మలో చూస్తాడు. రెండో అంకంలో ఎదురుగా చూశాక, చిత్రకారుడు గీసేటప్పుడు అతని సమాధి సడలిందని తీర్పు చెబుతాడు. చేయి తిరగలేదనో, రంగులు మంచివి కావనో అనడు.

భద్రాచలం వెళ్లినవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. అక్కడి చతుర్భుజ రాముడికి శంఖం కుడిచేతిలో, చక్రం ఎడమచేతిలో ఉంటాయి. విష్ణుమూర్తికి మామూలుగా ఉండేదానికి ఇది పూర్తిగా తారుమారు. భద్రుడి తపస్సుకి మెచ్చి స్వామి ఆదరాబాదరా వచ్చాడని, వస్తున్నానని ముందు శంఖం పూరించాడని స్థలపురాణం. ఇక్కడా కుడి ఎడమలు మారాయి. కానీ ఈ మార్పు వెనక ఒక రాక ఉంది, ఒక తొందర ఉంది, ఎదురుచూసే భక్తుడున్నాడు. మా అబ్బాయి తిప్పిన గణపతి వెనక పేజీలో మిగిలిన రెండంగుళాల ఖాళీ ఉంది.

తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ఈ పోలికల గొడవంతా తేల్చేశాడు. ధ్వన్యాలోకం నాలుగో ఉద్యోతంలో, ఒక కవి భావం ఇంకో కవి భావాన్ని పోలి ఉండటం మూడు రకాలన్నాడు. అద్దంలో ప్రతిబింబం ఒకటి, మనిషికి గీసిన బొమ్మ రెండోది, ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుషులు మూడోది. మొదటి రెంటినీ వదిలేయమన్నాడు. ప్రతిబింబానికి తనదంటూ ప్రాణం లేదు, బొమ్మకి ఉన్నా తేలికపాటిది. మూడోదాన్ని మాత్రం కవి విడిచిపెట్టనక్కర్లేదన్నాడు. పోలిక ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒకే మనిషి అయిపోరు కదా. మా నాన్నగారు సంస్కృతం చెప్పేవారు కాబట్టి ఇది చిన్నప్పుడే చెవిన పడింది. అర్థమైంది మాత్రం శుభలేఖలు వేయడం మొదలెట్టాకే.

బాపుగారి బొమ్మల సంగతి చూడండి. వాలుజడ, బారెడు కళ్లు, ఒక్క గీతలో నడుము. ఆంధ్రదేశంలో సగం పెళ్లికూతుళ్లు కార్డుల మీద ఆయన గీతలోనే సిగ్గుపడుతున్నారు. ఆయన చేతిరాత కూడా ఫాంట్ అయి, టీ కొట్టు బోర్డు దాకా వచ్చింది. వీటిలో ఎక్కువ భాగం ఆనందవర్ధనుడి రెండో రకం, బొమ్మకి బొమ్మ. కళ్లు పెద్దవి, చూపు లేదు. ఎప్పుడో ఒకసారి మూడో రకం తగులుతుంది. గీత బాపుగారిదే, పిల్ల మాత్రం గీసినవాడి ఊరిది, ముక్కుపుడక కూడా వాళ్లింట్లోదే. అలాంటిదాన్ని కాపీ అనడానికి నాకు నోరు రాదు.

మా ఆవిడకి ఈ వాదమంతా నచ్చలేదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టిన నాటి నుంచి దేవుళ్లు కాగితాల మీద వేలకు వేలు దిగుతూనే ఉన్నారు. మా పూజగదిలో ఉన్నదీ శివకాశి క్యాలెండర్ వెంకటేశ్వరస్వామే. రోజూ బొట్టు పెట్టీ పెట్టీ నుదురు చిరిగింది. "కాపీకి కాపీ ఇది. మరి నా దణ్ణం అందడం లేదంటారా?" అంది. అందుతుంది. అచ్చువేసినవాడు చేయని ధ్యానం ఆవిడ రోజూ చేస్తోంది. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసి తొలి కార్డు దేవుడి ముందు పెట్టే ప్రతి ఇల్లాలూ ఆ పనే చేస్తోంది. ఆవిడ చేసిన పని చూపించి మేం మా లెక్క సరిపోయిందనుకుంటే ఎలా, అన్నాను.

"దేవుడికి కుడి ఎడమలేమిటండీ" అంది.

"భద్రాచలంలో ఉన్నాయిగా" అన్నాను.

"అయితే మన క్యాలెండర్లో స్వామికి చక్రం ఏ చేతిలో ఉందో చూడకుండా చెప్పండి."

కుడిచేతిలో అన్నాను. తలుపు సందులోంచి చూసి చెప్పానని ఇప్పటికీ అంటుంది.