చొరవ లేనిదాన్నా?

హెపటైటిస్-బి టీకాను 1997లో మార్కెట్లోకి తెచ్చిన హైదరాబాదు సంస్థకు వరప్రసాదరెడ్డి తన తల్లి శాంత పేరు పెట్టారు. ఆయన శాస్త్రవేత్త కాదు, ఇంజనీరు. ఉస్మానియాలో, తర్వాత సీసీఎంబీలో పని చేసుకునే చోటు దొరకబట్టే ఆ టీకా సీసాలోకి వచ్చింది. తెలివి ఒక్కటే చాలదు, తలుపు తీసేవాళ్ళు తెలిసుండాలి.

ఆ పరిచయాలు ఎక్కడ పుడతాయి? సెమినార్లయ్యాక టీకొట్టు దగ్గర, రాత్రి భోజనాల దగ్గర. బనగానపల్లె నుంచి పరిశోధనకు వెళ్ళిన నేను ఆ వేళకు, హాస్టలు గేటు మూసేస్తారని పరుగెత్తేదాన్ని. ఏ ల్యాబులో ఏ పరికరం ఖాళీగా ఉందో, ఏ కంపెనీవాళ్ళు వచ్చారో తెల్లారేసరికి మగపిల్లలకు తెలిసిపోయేది. ‘నీకు చొరవ లేదమ్మా’ అనేవారు మా గైడు. నిజమేననుకున్నాను, చాలా ఏళ్ళు.

పరిచయాలు పెంచుకోవడమూ ప్రతిభే, కాదనను. కానీ ఆ వేళకు మమ్మల్ని లోపల పెట్టి తాళం వేసింది ఎవరు?