ఖాయమైన లాభం హలాల్ అవుతుందా?

విశాఖ ఉక్కు కర్మాగారంలోనో, రేవులోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన యువకులు అడుగుతుంటారు: "బ్యాంకు వడ్డీ వద్దన్నారు సరే, మిగిలిన జీతం ఎక్కడ పెట్టాలి?" సమంజసమైన ప్రశ్నే. బఖరా సూరా 275వ ఆయతు వడ్డీని నిషేధించింది, వ్యాపారాన్ని కాదు.

రెంటికీ తేడా ఎక్కడుంది? ఆస్ట్రేలియా బొగ్గు ఓడలో మన రేవు చేరేలోగా ధర పడిపోవచ్చు. ఆ నష్టానికి సిద్ధపడినవాడికే లాభంలో హక్కు. దైవప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (రజి) పెట్టుబడితో వర్తకం చేసిన ముజారబత్ పద్ధతీ ఇదే. లాభాన్ని ఒప్పుకున్న పాళ్ళలో పంచుకుంటారు; నష్టమొస్తే ఒకరికి సొమ్ము, మరొకరికి శ్రమ పోతుంది.

మరి హీరా గ్రూప్ సంగతో? ఏడాదికి 36 శాతానికి పైగా లాభమంటే, 'హలాల్' అన్న మాట నమ్మి ఎన్నో కుటుంబాలు కూడబెట్టినది పెట్టాయి. 2018 అక్టోబరులో మోసం ఆరోపణలపై దాని అధినేత్రి అరెస్టయ్యారు. మరుసటి ఏడాది బెంగుళూరు ఐ.ఎం.ఏ. కూలింది. నేరం తేల్చేది న్యాయస్థానాలు. కాని నష్టమే లేని లాభం ఆశించినప్పుడు మనం వెతికింది వ్యాపారాన్నా, పేరు మార్చుకున్న వడ్డీనా?

మార్గాలు లేకపోలేదు. టాటా ఎథికల్ ఫండ్ వంటివి బ్యాంకులను, మద్యం కంపెనీలను, వడ్డీ అప్పుల్లో మునిగిన సంస్థలను వదిలి మిగిలిన వాటాలు కొంటాయి. వాటి విలువ పెరుగుతుంది, తగ్గుతుంది కూడా. ఆ కంపెనీల రాబడిలో ఎక్కడైనా కొద్దిపాటి వడ్డీ కలిస్తే, ఆ మేరకు లెక్కగట్టి, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయాలని ఉలమాలు చెబుతారు.