ఎంత ఎత్తు నుంచి చూడాలి?

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో, కొల్లేరు సరస్సుకు దగ్గరగా ఉన్న ఊరు గుండుగొలను. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1880లో అక్కడే పుట్టారు. బందరులో వైద్యుడిగా పనిచేసిన ఆయన, 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. తెలుగువాళ్లకు సొంత రాష్ట్రం రావడానికి ఇంకా ముప్పై ఏళ్లుంది. రేవు పట్టణంలో పుట్టిన ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ యూనియన్ బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయి నారిమన్ పాయింట్‌లో, సముద్రాన్ని పూడ్చి తీసిన నేల మీద, ఎత్తయిన మేడల వరుసలో ఉంది.

పేరు పోయిందన్న బాధ నాకూ ఉంది. అంతకన్నా నన్ను వదలని ప్రశ్న మరొకటి. అప్పివ్వడమంటే ఒక మనిషి రేపటి గురించి తీర్పు చెప్పడం. ఆ తీర్పు ఎంత దగ్గర నుంచి చెప్పాలి?

దగ్గరి నుంచే అనాలనిపిస్తుంది. ఊళ్లో ఉన్నవాడికి తమ్మిలేరు పొంగితే ఎవరి చేను మునుగుతుందో తెలుసు, మాట మీద నిలబడేదెవరో తెలుసు. కానీ ఆ ఊళ్లో ఉన్నవాడికే ఎదుటివాడి కులమూ తెలుసు, సెంటు భూమి లేదనీ తెలుసు. ముఖం ఎరిగిన చోటే ఎన్ని తలుపులు మూసుకోలేదు? అడిగినవాడు ఎవరి కొడుకో పట్టించుకోకుండా కాగితం మాత్రమే చూసే గుమస్తా, నిరుపేదకు ఒక రకంగా విముక్తి. దూరం ఇచ్చిన ఈ న్యాయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను.

ఎత్తు నుంచి చూడక తప్పని సంగతులూ ఉన్నాయి. బుడమేరు, తమ్మిలేరుల వరదను కొల్లేరు కడుపులో పెట్టుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. ఎవరి చెరువు గట్టు మీద వాళ్లు నిలబడితే ఆ సరస్సు మొత్తం కనపడదు. అందుకే 1999లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకు అది అవసరమే. కానీ పటం మీద గీసిన ఆ గీతకు, వేల ఎకరాలు సాగుచేసిన పెట్టుబడిదారూ లీజు డబ్బుతో పొయ్యి వెలిగించుకునే కొల్లేటి లంక గ్రామాల కుటుంబమూ ఒకటే.

కౌలు రైతు దగ్గరికొచ్చేసరికి దగ్గరితనమూ దూరమూ రెండూ ఓడిపోతున్నాయి. వరి నాటేది అతను, పాస్‌పుస్తకంలో పేరు భూయజమానిది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం సాగుదారు హక్కు పత్రం ఇస్తానంది, దానికీ యజమాని సంతకం కావాలంది. కౌలుదారు హక్కు అడుగుతాడేమోనని చాలామంది యజమానులు సంతకం పెట్టరు. ఏటా ఆ చేలో అతన్ని చూస్తున్న ఊరికి అప్పిచ్చే అధికారం లేదు. అధికారం ఉన్న బ్యాంకుకు అతని చేను కనపడదు. చివరికి ఎక్కువ వడ్డీకి బయట తెచ్చుకుంటాడు.

తీర్పు చెప్పేవాడు ఎక్కడున్నా నాకు అభ్యంతరం లేదు, జవాబు చెప్పే మనిషి ఒకడుంటే చాలు. కౌంటర్ దగ్గర అడిగితే పైనుంచి రూల్ అంటారు. ఆ పైన ఉన్నవాళ్లు ఈ కౌలు రైతును ఎన్నడూ చూడరు. అప్పు ఎందుకు రాదో అడగడానికి అతను ఎవరి ఎదుట కూర్చోవాలి?