తేనీటి విందులో భోక్త భాగం

ఇంగ్లండులో ‘ఆఫ్టర్‌నూన్ టీ’ అని పిలిచే సాయంకాలపు తేనీటి విందుకు బెడ్‌ఫర్డ్ ఏడవ డచెస్ అన్నా మరియాను ఆద్యురాలిగా చెప్పుకోవడం అక్కడి సంప్రదాయం. ఉన్నత కుటుంబాల రాత్రి భోజనం ఎనిమిది గంటల దాకా జరిగిపోతున్న 1840 ప్రాంతంలో, ఆమె నాలుగైదు గంటల వేళ తేనీటితో పాటు రొట్టె, వెన్న తెప్పించుకొనేదనీ, తమ నివాసమైన వోబర్న్ ఆబీకి వచ్చే అతిథులను క్రమంగా అందులో చేర్చుకొన్నదనీ కథనం. నేడు ఆ విందు దాదాపు కర్మకాండకు తగినంత నియమంతో సాగుతుంది. మూడంతస్తుల పళ్లెంలో అంచులు కోసిన సాండ్‌విచ్‌లు, ‘స్కోన్’ అనే మెత్తని చిన్న రొట్టెలు, తీపి పదార్థాలు వేర్వేరుగా అమరుస్తారు. స్కోన్ మీద ముందుగా చిక్కని మీగడ రాయాలని డెవన్ వారు, జామ్ రాయాలని కార్న్‌వాల్ వారు పట్టుబడతారు. బ్రిటన్‌లో చదువుతున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లలను చూడబోయే తెలుగు తల్లిదండ్రుల యాత్రలోనూ ఇది ఒక ఘట్టమవుతోంది. ఆ బల్ల దగ్గర అడగదగిన ధర్మప్రశ్న ఒకటి ఉంది: ఒక వస్తువు తయారీలో జరిగిన హింసలో, దూరాన కూర్చొని దాన్ని అనుభవించే భోక్తకు భాగముంటుందా?

ఈ ప్రశ్నను ఆంగ్లేయులే తమ తేనీటి బల్ల మీద పెట్టుకొన్నారు. 1791లో విలియం ఫాక్స్ ప్రచురించిన ఒక కరపత్రం, వెస్టిండీస్ తోటల్లో ఆఫ్రికన్ బానిసల చేత పండించిన చక్కెరను, రమ్మును మానమని బ్రిటిష్ ప్రజలను కోరింది. వారానికి 5 పౌన్ల చక్కెర వాడే కుటుంబం 21 నెలల పాటు మానుకొంటే ఒక మనిషిని బానిసత్వం నుంచో చావు నుంచో తప్పించినట్లేనని ఆయన లెక్క కట్టాడు. ఆ అంకెల కన్నా దాని వెనుక ఉన్న తర్కం ముఖ్యమైనది. బానిసల వర్తకం చేసేవాడు, వారిని ఉంచుకొనేవాడు, కొరడా పట్టినవాడు, ముగ్గురూ నిజానికి చక్కెర కొనుగోలుదారు తరఫున పనిచేస్తున్నవారే అని ఫాక్స్ వాదించాడు. సుమారు 3 లక్షల మంది చక్కెర మానారని ఆ కాలపు ఉద్యమకారుడు థామస్ క్లార్క్‌సన్ అంచనా. ఓటు హక్కు లేని స్త్రీలు ఇంటి చక్కెర గిన్నెనే రాజకీయ సాధనంగా మార్చుకోవడం ఆ ఉద్యమంలో అన్నిటికన్నా గౌరవించదగిన విషయం.

భారతీయ చింతనకు ఈ తర్కం కొత్తది కాదు. కర్తకు, చేయించినవాడికి, ప్రేరేపించినవాడికి, ఆమోదించినవాడికి పుణ్యపాపాలలో సమభాగమన్న మాట తెలుగువారికి చిరపరిచితం. మనుస్మృతి అయిదవ అధ్యాయం మాంసం విషయంలో చంపినవాడితో పాటు అనుమతించినవాడిని, అమ్మినవాడిని, కొన్నవాడిని, వండినవాడిని, వడ్డించినవాడిని, తిన్నవాడిని కూడా హింసకుల్లో చేర్చింది. జైనులు కృతం, కారితం, అనుమోదితం అని, అంటే తాను చేసినది, ఇతరుల చేత చేయించినది, చేస్తుంటే సమ్మతించినది అని విభజించి, ఈ మూడింటినీ మనోవాక్కాయాలతో కలిపి తొమ్మిది విధాలుగా పరీక్షించారు. బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయం మాత్రం కొంత వెసులుబాటు ఇచ్చింది. తన కోసమే జంతువును చంపారని భిక్షువు చూడకపోతే, వినకపోతే, అనుమానించకపోతే ఆ మాంసం స్వీకరించవచ్చు. దీనినే త్రికోటి పరిశుద్ధి అంటారు. భిక్షాపాత్రలో పడినది తినే భిక్షువుకు ఈ నియమం న్యాయమైనదే. ధర చెల్లించి, ఎంచుకొని కొనే గృహస్థు దాని చాటున నిలబడలేడు, ఎందుకంటే అతని సొమ్మే తరువాతి పంటకు పెట్టుబడి.

మానుకోవడం అన్నది కూడా ఒకే రకమైనది కాదు. మెథడిస్టు మతోద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1746లో తేనీరు మానమని తన అనుచరులకు చెప్పాడు; ఆరోగ్యం బాగుపడుతుందనీ, మిగిలిన డబ్బు పేదలకు అందుతుందనీ ఆయన ఆశించాడు. అది ప్రధానంగా ఆత్మనిగ్రహం. ఫాక్స్ కోరిన త్యాగంలో మానినవాడి శుద్ధి కన్నా బానిస విముక్తి ముందుంటుంది. ఉపవాసాన్ని బాగా ఎరిగిన సంస్కృతుల్లో ఈ రెండింటినీ ఒకటిగా పొరబడటం సులభం.

బానిసత్వ నిర్మూలన చట్టం 1833లో వచ్చాక ఆ చక్కెర దోషం నేటి యాత్రికుడికి వారసత్వంగా సంక్రమించిందనడం కర్మసిద్ధాంతానికి సరిపడదు. ఎవరి కర్మ వారిది. అయితే కథ అక్కడ తెగలేదు. అస్సాం తేయాకు తొలిసారి లండన్ వేలానికి వచ్చింది 1839లో. తరువాతి దశాబ్దాల్లో ఆ తేయాకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారిలో ఛోటా నాగపూర్ ఆదివాసులతో పాటు నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు కూడా ఉన్నారు. పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకొనే అధికారాన్ని తోట యజమానికి చట్టమే ఇచ్చిన కాలమది. ఆ కుటుంబాల సంతతి ఈనాటికీ అస్సాంలో ఉంది. ఇల్లు, వైద్యం వంటి వసతులు కల్పించే బాధ్యతను 1951 నాటి తోట కార్మికుల చట్టం యజమానుల మీద పెట్టినా, వేతనాల మీద వివాదం ఇంకా తెగలేదు.

కనుక లండన్‌లో అస్సాం తేనీరు ముందు కూర్చున్న తెలుగు కుటుంబం విషయంలో ప్రశ్న గతానికి సంబంధించినది కాదు, అనుమోదనకు సంబంధించినది. తెలుసుకొనే వీలున్నా తెలుసుకోకుండా ఉండటాన్ని అజ్ఞానం అనడానికి లేదు, అది మౌనంగా ఇచ్చిన సమ్మతి. ఆ సమ్మతిని మనసులో ఉపసంహరించుకొంటే చాలునని జైన విభాగాన్ని పైపైన చదివినవారికి తోచవచ్చు. కానీ అక్కడ వాక్కు, కాయం కూడా లెక్కలో ఉన్నాయి కాబట్టి, తోట పేరు, కూలి వివరం అడగడం, దాన్ని బట్టి కొనడమో మానడమో నిర్ణయించుకోవడం కూడా ఆ ఉపసంహరణలో భాగమే అవుతుంది.